చూడని సినిమా, చెంబెడు పేడనీళ్లు

ఆ రోజు నా నెత్తిన పడినవి ఏడు బిందెల పేడనీళ్లు. గూడెం ఆడవాళ్లంతా వరసలో నిలబడి ఒకరి తరవాత ఒకరు పోశారు. కళ్లద్దాల మీద నుంచి పేడ కారుతున్నా నేను రెప్ప వెయ్యలేదు.

ఇలా మొదలుపెడితేనే మనుషులు వింటారు. నిజానికి పడింది ఒక్క చెంబు, అదీ నిండు చెంబు కాదు. రెప్ప వెయ్యకపోవడం మాట అటుంచి, పరిగెత్తబోయి పనసచెట్టు వేరు తగిలి కూలబడ్డాను. టీవీలో వారం రోజులు తిప్పి తిప్పి చూపించింది ఆ కూలబడడమే.

ఉన్నదానికి కాస్త కలిపి చెప్పడం నాకు ఉద్యోగంలో అలవాటైంది. ముప్ఫై ఏళ్లు అనంతగిరి చుట్టుపక్కల గూడేలకు టపా మోశాను. ఉత్తరం చేతిలో పెట్టి వచ్చేస్తే సరిపోయేది కాదు, చదివి పెట్టాలి. ఉత్తరంలో ఉండేవి రెండే ముక్కలు: మేము క్షేమం, ఇక్కడ వానలు లేవు. ఆ రెండు ముక్కల కోసం మనిషి పని మానుకుని ఎదురుగా చతికిలబడి కూర్చుంటే, ఇంతేనయ్యా అని ఎలా లేస్తాం? అందుకని కొంచెం కలిపేవాడిని. ఒకాయనకు బావమరిది రాసిన ఉత్తరంలో లేని మేకను చేర్చాను. ఆయన రెండు కొండలు దాటి వెళ్లి ఆ మేకను తోలుకొచ్చుకున్నాడు. బావమరిది ఏమనుకుని ఇచ్చాడో ఇప్పటికీ నాకు తెలియదు.

ఉద్యోగం అయిపోయాక చదవడానికి ఉత్తరాలు లేవు. అప్పుడు టీవీ దొరికింది. ఘాట్ రోడ్డు మలుపులో ఒక టీ దుకాణం ఉంది. దాని యజమాని మైదానం నుంచి వచ్చి మా కొండల్లో స్థిరపడినవాడు, నా కంటే ముప్ఫై ఏళ్లు చిన్నవాడు. పొయ్యి పక్కన దేవుడి పటం, దాని పక్కన తన అభిమాన హీరో పటం పెట్టుకుని ఇద్దరికీ ఒకే అగరబత్తి వెలిగిస్తాడు. ఆ దుకాణం బయటి బల్ల మీద కూర్చుని నేను పదేళ్లుగా సినిమాల మీద, సీరియళ్ల మీద, వాటి తగాదాల మీద అభిప్రాయాలు చెబుతున్నాను. మా కొండల్లో నా అంత టీవీ చూసినవాడు లేడు.

ఇది కూడా సరిచెయ్యాలి. నేను టీవీ చూడలేదు, విన్నాను. యజమాని తను టీ కాస్తూ చూసుకోవడానికి టీవీని లోపలికి తిప్పి పెట్టుకున్నాడు. బల్ల మీద కూర్చున్నవాళ్లకు దాని వీపు, రెండు వైర్లు కనిపిస్తాయి. పదేళ్లు ఆ వీపును చూస్తూ నేను తీర్పులు చెప్పాను.

ఒకసారి ఏదో హీరో సినిమా విడుదలైతే అభిమానులు అతని నిలువెత్తు బొమ్మకు పాలతో అభిషేకం చేశారు. అది తప్పా ఒప్పా అని టీవీలో వాదన. నేను చెప్పాను: మా కొండల్లో పెద్దవాళ్లు ఆవు పాలు పితికేవారు కాదు, అవి దూడవి అనేవారు. మనిషి తాగడమే తప్పనుకునేవాళ్లం, అట్టముక్కకు పోస్తే దూడ ఏమనుకుంటుంది? ఈ అభిప్రాయానికి బల్ల మీద మంచి పేరు వచ్చింది.

ఇంకోసారి ఒక సీరియల్‌లో అత్తగారి పాత్రకు నటిని మార్చేశారు. నిన్నటిదాకా ఒక మొహం, ఇవాళ ఇంకో మొహం. ఇంట్లో కొడుకు అడగడు, కోడలు అడగదు. మా ఆవిడ కొత్త ముక్కుపుడక పెట్టుకుంటే నేను గమనించలేదని వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఆ ఇంట్లో మొహమే మారిపోతే పట్టించుకున్నవాడు లేడు. వంద రోజులు ఒకే ఇంట్లో పడేసి తాళం వేసే కార్యక్రమం ఉంది కదా, కోడిగుడ్డు కోసం ఏడ్చుకుంటారు, దాని మీద కూడా చెప్పాను. వానాకాలం మేమూ ఇంట్లోనే ఉంటాం, మేమూ గుడ్డు కోసమే తగాదా పడతాం, కాని ఓట్లేసి మమ్మల్ని బయటికి పంపేవాడు లేడు.

"తాతా, సినిమా సూడకుండా ఎలగ సెప్తావు బాగోలేదని?" అని యజమాని అప్పుడప్పుడు గిల్లేవాడు.

"సూత్తే మొగమాటం వచ్చెత్తాదిరా. సూడకముందే సెప్పీయాలి," అనేవాడిని.

ఇలా సుఖంగా సాగుతుండగా పాట తగాదా వచ్చింది.

కిందటేడు చలికాలంలో మా గూడేనికి రెండు మలుపుల కింద, కాఫీ తోటలో ఒక సినిమా పాట తీశారు. అందులో హీరో దారి తప్పి కొండల్లోకి వస్తాడు. కొండవాళ్లు అతన్ని తాళ్లతో కట్టేస్తారు. నెత్తిన ఈకలు, మెడలో ఎముకలు, మొహానికి మసి, నోటికి వచ్చిన శబ్దాలు. హీరో వాళ్లకు నాట్యం నేర్పుతాడు. వాళ్లు సంతోషించి తాళ్లు విప్పేస్తారు. పుట్టిన దగ్గర్నుంచి ఒకరి నడుము ఒకరు పట్టుకుని థింసా ఆడే వాళ్లకు ఇతను వచ్చి అడుగులు నేర్పాడన్నమాట. సినిమా విడుదలయ్యాక ఇది కొండవాళ్లకు అవమానమా, వినోదమా అని టీవీలో మొదలైంది. తెరను తొమ్మిది గళ్లు చేసి తొమ్మిదిమందిని కూర్చోబెట్టారట. తొమ్మిదిమందిలో కొండ మనిషి లేడు. గొంతులు విని నేనే కనిపెట్టాను, ఎవరి మాటలోనూ మా యాస లేదు.

ఆ పాట నేను చూడలేదు. యజమాని చెబితే తెలిసిన కథ అది. అయినా బల్ల మీద గట్టిగా చెప్పాను, చెత్త పాట అని. అంతటితో ఆగితే బాగుండేది. షూటింగ్‌కి వచ్చినప్పుడు దర్శకుడు నా కాళ్ల దగ్గర కూర్చుని కొండదొర వేషం వెయ్యమని బతిమాలాడని, ఈకల టోపీ నా చేతికిస్తే నేల మీద పెట్టి, మా వాళ్లు ఇలాంటివి పెట్టరు బాబూ అని లేచి వచ్చేశానని కూడా చెప్పాను. బల్ల మీద అందరూ భేష్ అన్నారు. హీరో అభిమాని అయిన యజమాని ఒక్కడే ఏమీ అనకుండా గ్లాసులు కడుక్కున్నాడు. కోపం వచ్చిందనుకున్నాను.

చైత్రంలో మాకు ఇటుకల పండగ, పది పన్నెండు రోజులు సాగుతుంది. విత్తనాలు దేవుడి ముందు పెట్టి పూజ చేసి, మగవాళ్లంతా రోజూ వేటకు కొండెక్కాలి. ఆడవాళ్లు దారికి అడ్డంగా దుంగ వేసి కూర్చుంటారు. వచ్చేపోయేవాళ్లు ఏదో ఒకటి ఇవ్వాలి, లేదా ఆడాలి, అప్పుడే దుంగ లేస్తుంది. వేటకు వెళ్లినవాడు ఖాళీ చేతులతో తిరిగొస్తే వాడిని పాట కట్టి వెక్కిరించి నెత్తిన పేడనీళ్లు పోస్తారు. ఇప్పుడు అడవిలో ఏ జంతువునీ చంపకూడదన్నారు, మేమూ సరేనన్నాం. అందుకని పీతైనా చాలు, వేలెడు చేపైనా చాలు, ఏటి నుంచి తెచ్చి ఆడవాళ్ల ముందు పెడితే పరువు నిలబడుతుంది.

డెబ్బై దాటినవాడిని, వెళ్లకపోయినా ఎవరూ అడగరు. నేనే పొద్దున్న విల్లు భుజాన వేసుకుని, పెద్ద చేప ఒకటి నా కోసం ఏట్లో ఎదురుచూస్తోందని గూడెమంతా వినేలా చెప్పి బయలుదేరాను. మలుపు దగ్గరికి వచ్చేసరికి టీవీలో పాట తగాదా వినబడింది. ఒక్క నిమిషం అని బల్ల మీద కూర్చున్నాను. వాదన వింటూ నిద్రపోయాను. లేచేసరికి ఎండ కొండ అవతలికి దిగుతోంది. ఏటికి వెళ్లే వేళ కాదు. విల్లు పట్టుకుని గూడేనికి వచ్చాను.

దుంగ దగ్గర మా మరదలు ఉంది. మా ఆవిడకు ఆఖరి చెల్లెలు, నాకంటే ఇరవై ఏళ్లు చిన్నది. మొగుడు పోయాక ఆడపిల్లల హాస్టల్ బడిలో వంట చేస్తోంది. బావా మరదళ్ల వరస కాబట్టి నన్ను ఆటపట్టించే హక్కు ఊళ్లో అందరికంటే ఆమెకే ఎక్కువ, ఆ హక్కును ఒక్క రోజు కూడా ఖాళీగా ఉంచలేదు.

"ఏటి బావా, సేప సాలా పెద్దదా? మొయ్యలేక ఏట్లోనే ఒగ్గీసి వచ్చినావా?" అంది. ఆడవాళ్లు పాట అందుకున్నారు. నేను సమాధానం వెతుక్కుంటుండగానే చెంబు నా నెత్తిన బోర్లించింది. పరిగెత్తాను, వేరు తగిలింది, కూలబడ్డాను. నేను చూపించిన విన్యాసం చాలా బాగుందని, మళ్లీ చూడాలని ఆమె రెండో చెంబు కోసం పాక వెనక్కి వెళ్లింది.

సరిగ్గా అప్పుడు ఒక విలేకరి పిల్లవాడు కర్రకు తగిలించిన ఫోనుతో నా ముందు వంగి ఉన్నాడు. పాట మీద కొండవాళ్ల మాట కావాలని పైనుంచి చెప్పారట. దుకాణంలో అడిగితే, అభిప్రాయాలు కావాలంటే ఫలానా తాత దగ్గరికి వెళ్లమని పంపారు. అతను వచ్చేసరికి పేడ పడుతోంది, తీసుకున్నాడు.

"తాతగారూ, మీ మీద పేడ ఎందుకు పోశారు?"

నా చుట్టూ పీతలు దారానికి గుచ్చుకుని వేలాడదీసుకున్న మగవాళ్లున్నారు. పొద్దున్న నా చేప గురించి విన్నవాళ్లు. టీ దుకాణంలో నిద్రపోయాను బాబూ అని ఒక్క మాట చెప్పలేకపోయాను.

"పాట బాగోలేదన్నాను. అందుకు," అన్నాను.

మగవాళ్లు నవ్వారు. ముసలోడు మళ్లీ మొదలెట్టాడు అనుకున్నారు. మరదలు పాక వెనక ఉంది, వినలేదు. విలేకరి నవ్వలేదు. నమ్మేవాళ్లు అలవాటు లేక, అతను నమ్మాడన్న సంగతి నాకు తట్టలేదు.

మర్నాడు యజమాని నన్ను చెయ్యి పట్టుకుని దుకాణం లోపలికి లాక్కెళ్లాడు. పదేళ్లలో మొట్టమొదటిసారి టీవీని ముందు నుంచి చూశాను. అందులో ఉన్నది నేనే. మెల్లగా, నీళ్లలో తేలుతున్నట్టు కూలబడుతున్నాను. నా నెత్తి చుట్టూ ఎర్ర గీతతో సున్నా. పాటను విమర్శించిన గిరిజన వృద్ధుడిపై పేడ దాడి అని కింద అక్షరాలు పరిగెడుతున్నాయి. తొమ్మిది గళ్లలో తొమ్మిదిమంది నా కోసం కొట్టుకుంటున్నారు. ఒకాయన నన్ను కొండజాతి ఆత్మగౌరవం అన్నాడు. ఇంకొకాయన నేను అద్దెకు తెచ్చిన నటుణ్నన్నాడు. నిజం చెప్పాలంటే రెండూ నచ్చాయి.

మరదలి చిత్రానికి కూడా సున్నా చుట్టారు. హీరో వీరాభిమాని అని రాశారు.

ఆ మధ్యాహ్నం హీరో అభిమానులు మోటారు సైకిళ్ల మీద పూలదండ, శాలువా తెచ్చుకుని మా మరదల్ని సన్మానించడానికి వచ్చారు. వాళ్లు దిగిన పావుగంటకు ఇంకో హీరో అభిమానులు ఇంకో దండ తెచ్చుకుని నన్ను సన్మానించడానికి వచ్చారు. రెండు గుంపులూ దుంగ దగ్గర ఎదురెదురు పడి ఒకరి హీరో పుట్టుకను ఒకరు తిట్టుకున్నారు. మా ఆడవాళ్లకు వాళ్లు ఎవరో, ఏం కావాలో తెలియదు. పండగకు దారినపోయే జనం వచ్చారనుకున్నారు. ఆడితేనే దుంగ లేస్తుందని చెప్పి, ఒకడి నడుముకు ఇంకొకడి చెయ్యి చుట్టించి, రెండు గుంపుల్నీ కలిపి ఒకే వరసలో ఆడించారు. కోపంతో ఆడారు కాని బాగానే ఆడారు.

శాలువా మీద హీరో బొమ్మ ఉంది. మరదలు దాన్ని విప్పి చూసి, "ఈ గుంటడు ఎవులు బావా?" అని నన్నడిగింది.

అప్పటిదాకా అంతా నవ్వులాట. నాలుగో రోజున బడి నుంచి మరదలికి కబురు వచ్చింది. ఎవరో వరసపెట్టి ఫోన్లు చేస్తున్నారట, ముసలివాడి మీద పేడ పోసిన మనిషి చేత పిల్లలకు అన్నం ఎలా వండిస్తున్నారని. విచారణకు ఒక అధికారి వస్తారు, ఆయన తేల్చేదాకా వంటగదిలోకి రావద్దు అని కబురు.

ఆమె నాతో తగాదా పెట్టుకుంటుందనుకున్నాను. పెట్టుకోలేదు. మర్నాడు మా గుమ్మంలో ఒక పెద్ద గిన్నెడు అన్నం, ఇంకో గిన్నెడు పప్పు దించింది.

"ఏటే ఇంత? ఎవులి పెళ్లి?" అంది మా ఆవిడ.

"పన్నెండేళ్లయ్యింది అప్పా, రెండొందల మందికి వండడమే అలవాటు. ఒక్కదానికి ఉప్పెంతెయ్యాలో నాకు తెల్దు," అంది మరదలు. నా వైపు చూడకుండా, "నాను నవ్వులాటకి పోసినాను బావా. నువ్వు సెప్పిన మాట నువ్వే ఎనక్కి తియ్యి," అంది.

ఆ రోజు గూడెంలో సగం ఇళ్లు ఆమె వంటే తిన్నాయి. మర్నాడూ అంతే. మూడో రోజు గిన్నె తక్కువ అవుతుందేమోనని చూశాను, తక్కువ కాలేదు. మూడు రోజులూ నేను సగం అన్నంలోనే చెయ్యి కడిగేసుకున్నాను. ఇది పెంచి చెప్పడం కాదు.

విలేకరికి ఫోన్ చేసి ఉన్నది చెప్పాను. పాటకూ పేడకూ సంబంధం లేదు, అది పండగ ఆచారం, నేను ఖాళీ చేతులతో వచ్చాను. సాయంత్రం టీవీలో వేశారు: ఒత్తిడికి తలొగ్గిన తాత, మాట మార్పించిందెవరు. తొమ్మిది గళ్లూ మళ్లీ వెలిగాయి. నేను అబద్ధం చెప్పినప్పుడు ఒక్కడు అనుమానించలేదు, నిజం చెబితే తొమ్మిదిమందీ అనుమానించారు.

పండగ ఆఖరి రోజున అధికారి వచ్చాడు. జీపు దుంగ దగ్గర ఆగింది. ఆడవాళ్లు లేవలేదు. ఆయన నలభై ఏళ్ల మైదానం మనిషి, మర్యాదస్థుడు. ఫైలు చంకలో పెట్టుకుని రెండు అడుగులు ఆడి, దుంగ దాటి వచ్చాడు. పనసచెట్టు కింద కుర్చీ వేశాం. గూడెమంతా చుట్టూ చేరింది. టీ దుకాణం యజమాని కూడా పొయ్యి ఆర్పేసి వచ్చాడు.

"ఇది ఆచారమే సార్," అని అందరూ ఒకేసారి చెప్పారు.

"కావచ్చు. కాని పాట నచ్చలేదన్నందుకు పోశారని టీవీలో చెప్పింది మీరే కదా తాతగారూ?"

"అబద్ధం సెప్పినాను సార్."

"తరవాత ఫోన్లో కాదన్నారు. రేపు ఇంకోటి అంటారు. ఇప్పుడు చెప్పేది నిజమని నేనేం చూసి రాయాలి?"

ముప్ఫై ఏళ్లు ఉత్తరాలకు మేకల్ని తగిలించినవాడికి ఆ ప్రశ్న రావలసిన చోటికే వచ్చింది. గూడెం వైపు చూశాను. వాళ్లు నా మాటలకు నవ్వడానికి పుట్టినవాళ్లు, సాక్ష్యం చెప్పలేరు. మరదలు జనం వెనక నిలబడి ఉంది. చేతులు ఏం చెయ్యాలో తెలియక చీర కొంగును పిండుతున్నట్టు తిప్పుతోంది.

అప్పుడు నాకు దాచుకున్నదొకటి గుర్తొచ్చింది.

"సార్, నాను ఏటికి ఎల్లలేదు. దుకాణం బల్ల మీద తొంగున్నాను. ఆ సినిమా సూడలేదు. అసలు పదేళ్లలో ఏ సినిమా సూడలేదు. టీవీ నా వైపు లేదు," అన్నాను.

నవ్వులు లేచాయి. అధికారి నవ్వలేదు, రాయనూలేదు.

"షూటింగోళ్లు నన్ను బతిమాలినారని సెప్పుకున్నాను. బతిమాలలేదు. నానే ఎల్లినాను. రెండ్రోజులు వరసలో నిలబడినాను, కొండోళ్ల గుంపులోకి మనుసులు కావాలన్నారని. వాళ్లు నన్ను కిందికీ మీదికీ సూసి, గళ్ల సొక్కా, కళ్లద్దాలు, నువ్వు కొండ మనిషిలాగ లేవు తాతా, పక్కకి తప్పుకో అన్నారు. కింద నుండి బస్సులో జనాన్ని తెచ్చి, ఆళ్ల మొగాలకి మసి పూసినారు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. పీతల వాళ్లు కూడా.

టీ దుకాణం యజమాని గొంతు సవరించుకున్నాడు. "నిజమే సార్. రెండ్రోజులూ ఎండలోనే నిలబడ్డాడు. నానే టీ అట్టుకెళ్లి ఇచ్చినాను," అన్నాడు.

అంటే వాడికి మొదటి నుంచీ తెలుసు. నేను బల్ల మీద ఈకల టోపీ నేల మీద పెట్టిన కథ చెబుతున్నప్పుడల్లా గ్లాసులు కడుక్కున్నది కోపంతో కాదు.

అధికారి కలం మూత తీశాడు. "గొప్పగా కనబడడానికి అబద్ధం చెబుతారు గాని చిన్నబోవడానికి ఎవరు చెబుతారు," అని తనలో తాను గొణుక్కుని రాయడం మొదలుపెట్టాడు. సగంలో ఆగి, "ఆచారం అని రాయడానికి నేనొకసారి చూస్తే బాగుంటుంది. ఇవాళ ఎవరైనా ఖాళీ చేతులతో వచ్చారా?" అన్నాడు.

మగవాళ్లందరూ పీతలు పైకెత్తి చూపించారు. నేను ముందుకు వచ్చి రెండు చేతులూ చాపాను. "నాను ఇయ్యేళ కూడా ఏటీ తేలేదు. రా పిల్లా, పొయ్యి," అన్నాను మరదలితో.

"నాను పొయ్యను. సార్ ముందు పోత్తే ఉన్న ఉద్యోగం పోద్ది," అని ఆమె వెనక్కి తగ్గింది.

"ఒగ్గీ, నాను పోత్తాను," అని మా ఆవిడ లేచింది.

ఆమె చెంబు వెతకలేదు, బిందె ఎత్తింది. నలభై ఎనిమిదేళ్ల కాపురంలో ఏ పండక్కీ ఆమె నా మీద పొయ్యలేదు, మొగుడి మీద పెళ్లాం పొయ్యకూడదని కాదు, అంతకు ముందే మరదళ్లు పోసేసేవారు. ముక్కుపుడక సంగతి, లేని మేక సంగతి, పొద్దున్న చెప్పి వెళ్లి సాయంత్రం దాకా బల్ల మీద కూర్చున్న పదేళ్ల సంగతి, అన్నీ ఆ బిందెలో కలిసి నా నెత్తిన పడ్డాయి. దాని వెంట ఆమె తోడికోడలు ఒక బిందె తెచ్చింది. ఆ తరవాత పక్కింటావిడ. పాట అందుకున్నారు, ఏట్లో చేప నవ్వుకుంటోందని, వేటగాడు బల్ల మీద గురక పెట్టాడని. అధికారి పాటను మాట విడిచిపెట్టకుండా రాసుకున్నాడు. ఫైలు మీద రెండు చుక్కలు పడ్డాయి, జేబురుమాలుతో అద్దుకున్నాడు.

మొత్తం అయిదు బిందెలు. ఇన్ని చెప్పాక మీరు నమ్మరని తెలుసు. అధికారి కాగితంలో అయిదే రాసి ఉంది, కావాలంటే అడిగి చూడండి. ఈసారి నేను పరిగెత్తలేదు. పరిగెత్తడానికి నేల జారుడుగా ఉంది.

సోమవారం పొద్దున్న మరదలు బడికి వెళ్లిపోయింది. ఆ మధ్యాహ్నం మా గుమ్మంలోకి గిన్నె రాలేదు. మా ఆవిడ చాలా రోజుల తరవాత మా ఇద్దరికీ సరిపడా గంటి అంబలి కాచింది. అంత రుచిగా ఎప్పుడూ లేదు. సరే, ఉప్పు కొంచెం తక్కువైంది.

విచారణ తేలిన సంగతి టీవీలో వెయ్యలేదు. అప్పటికి వాళ్లకు వేరే తగాదా దొరికింది, ఒక హీరోయిన్ కుక్కకు పెట్టిన పేరు మీద.

రెండు నెలలకు ఆ సినిమా టీవీలోకే వచ్చింది. యజమాని ఆ రోజు టీవీని కింది చెక్కతో సహా ఎత్తి బల్ల వైపు తిప్పాడు. "సూడు తాతా. సూసి తిట్టు," అన్నాడు. బడి నుంచి వస్తూ మరదలు కూడా ఆగి, నెత్తి మీది మూట దించుకుని నా పక్కన కూర్చుంది.

పాట వచ్చింది. ఈకలు, ఎముకలు, మసి. హీరో అడుగులు నేర్పుతున్నాడు. వాళ్ల వెనక, కాఫీ మొక్కల అవతల, షూటింగ్ చూడ్డానికి నిలబడ్డ జనం లీలగా ఉన్నారు. అందులో నేను తెర నిండా కనిపించాను. లేదు, తెర నిండా కాదు. మూలన ఒక గళ్ల చొక్కా భుజం, అది కూడా కళ్లు మూసి తెరిచేలోగా వెళ్లిపోయింది.

"బావా, అది నీ సొక్కా," అంది మరదలు.

"నాదే."

"ఆ పాటంతటికీ కొండ మనిషివి నువ్వొక్కడివే అన్నమాట."

పాట అయిపోయింది. యజమాని తన హీరో పటం వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి, గ్లాసులు తీశాడు.

"ఇంతకీ పాట ఎలగుంది బావా?" అని ఆమె అడిగింది.

"బాగోలేదు," అన్నాను.

ఈసారి చూసే అన్నాను. ఆమె మూట ఎత్తుకుంటూ చుట్టూ చెంబు కోసం చూసినట్టు నటించి, దొరకలేదన్నట్టు చేతులు తిప్పి, కొండదారి పట్టింది.